గండి పడిన చోటనే పాఠము గలదు

(చింతామణిలో జరిగిన మన సంఘ సమావేశమున చేయబడిన ప్రసంగ పాఠము. సభకు రాజాలని సభ్యుల కోరికపై ప్రచురించుచున్నాము.)



ఇట్టి సభలయందు సాధించిన కార్యములను గూర్చి చెప్పుకొనుట మన వాడుక. నేను ఈ పూట చెడిపోయిన కార్యములను గూర్చి చెప్పదలచితిని. ఇందుకు కారణము గలదు. గ్రామములనుండి చదువుకొరకు వచ్చు మన పిల్లలకు వసతిగృహ మొకటి కట్టవలెనని మన సంఘము ఆలోచించుచున్నది. ఉత్సాహము మెండుగా నున్నది. చందాల పుస్తకము తెరువక ముందే, చెడిపోయిన పనులు మనకేమి నేర్పగలవో ఒక గడియసేపు విచారించుకొనుట మంచిదని నాకు తోచినది. నీరు పోయిన పిమ్మట కట్ట వేయుటను మన పెద్దలు గతజల సేతుబంధనమనిరి. చెరువుల సీమలో పుట్టిన మనకు ఆ మాట యర్థము ఒకరు విప్పి చెప్పనక్కరలేదు.

మొదట నా తప్పిదమునే చెప్పెదను. బాగేపల్లి వైపున మా బంధువుల గ్రామ మొకటి గలదు. ఊరి పేరు చెప్పను. ఆ పని చెడుటలో నాకును భాగము గలదు గనుక నన్ను మాత్రము దాచుకొనను. ఊరి చెరువు చాల ఏండ్లుగా పూడి, తుమ్మచెట్లతో నిండియుండెను. 2009 వేసవిలో ఊరివారమందరము పూనుకొని ఒక కమిటీ వేసితిమి. నేను కోశాధికారిని. ఇంటింట చందా వసూలు చేసితిమి. జేసీబీ యంత్రమును బాడుగకు తెచ్చి పూడిక తీయించితిమి. ఆ మట్టిని రైతులు ట్రాక్టర్లతో పొలములకు తోలుకొనిరి. కట్ట కెత్తు వేసితిమి, తూము బాగుచేయించితిమి, కట్టమీది గంగమ్మ గుడికి సున్నము కొట్టించితిమి. చివరినాడు అందరికి భోజనములు పెట్టితిమి. లెక్క పైసతో సహా సరిపోయినది.

మరుసటి ఏడు వానలు బాగుగనే కురిసినవి. ప్రక్క ఊరి చెరువు సగము నిండెను. మా చెరువున చీలమండ లోతు నీరైన నిలువలేదు. మేము అవాక్కయితిమి.

కారణము తెలియుటకు ఎక్కువ కాలము పట్టలేదు. చెరువునకు నీరు తెచ్చు కాలువ మూడుచోట్ల చెడియుండెను. ఒకచోట అది పొలములో కలిసిపోయినది. ఒకచోట నీలగిరి తోపు లేచినది. మరియొకచోట రోడ్డు క్రింద వేసిన గొట్టము కాలువ అడుగుకంటె ఎత్తున నుండెను. మేము చెరువును చూచితిమి గాని చెరువునకు నీరు వచ్చు త్రోవను చూడలేదు. పాత్ర తోమి పెట్టితిమి; పోయువారు లేరు.

ఆ ఊరిలో పూర్వము నీరుగంటి పని చేసిన కుటుంబమునకు చెందిన వృద్ధు డొకడుండెను. కాలువల వెంట నడచుట, వానరాత్రులయందు కట్టమీద కాపుండుట, తూము తీసి ఎవరి మడికి ఎంత నీరో పంచుట ఆ వంశమువారి పని. ఆయన కీ సంగతి మేము పని ప్రారంభించిన నాటనే తెలియును. ఏల చెప్పలేదని నేను కొంచెము కోపముతోనే యడిగితిని. "నన్నెవరడిగినారు సామీ?" అని మాత్ర మాయన బదులు చెప్పెను.

మహాశయులారా, ఆ మాటకు నాయొద్ద సమాధానము లేదు. కమిటీలో పదునొకండుగురము. భూములున్నవారము, ఉద్యోగములున్నవారము. ఆ చెరువును ఎల్లరికంటె ఎక్కువగ నెరిగినవాని కులమునుండి మాలో ఒక్కడును లేడు. ఆయనను మాతో సమముగ కూర్చుండబెట్టి అడుగు నలవాటు మాకు లేదు. సొమ్ము పోయినది యంత్రమువలన కాదు, వానవలన కాదు. ఆ అలవాటు లేకపోవుటవలననే పోయినది.

ఇంకొక తప్పును చేసితిమి. మా పుస్తకమున ప్రతి రూపాయికి రసీదు గలదు. నీరేల రాలేదను ప్రశ్నకు మాత్రము ఒక్క పుటయైన లేదు. సిగ్గుపడి ఊరకుంటిమి. కొన్నేండ్లకు ఆ సమీపమున మరియొక ఊరివారు అట్లే పూడిక తీసి, అట్లే కాలువను మరచి, అట్లే నష్టపోయిరి. మొదటి నష్టము మా అజ్ఞానమువలన వచ్చినది. రెండవది మా మౌనమువలన వచ్చినది. రెండవదే పెద్ద తప్పని నేడు నా కనిపించుచున్నది.

చెడిపోయిన పనిని చదువుట యెట్లో నేర్చుకొనుటకు మనము దూరము పోనక్కరలేదు. చిక్కబళ్లాపురమునకు అల్లంత దూరమున ముద్దేనహళ్లి గలదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు అచ్చట పుట్టిరి; వారి పూర్వులు గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండము నుండి వచ్చి స్థిరపడిన తెలుగువారు, మనవంటివారే. ఆయన పేరు చెప్పగానే మనకు కన్నంబాడి కట్ట జ్ఞాపకము వచ్చును. కాని ఆయన గొప్పతనమును నేను హైదరాబాదు కథయందు ఎక్కువగా చూచుచున్నాను.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచివేసెను. ఎగువన శంషాబాదులో ఒక్క దినమున 12.8 అంగుళముల వాన కురిసినది. మృతులు సుమారు 15,000 మంది యని అంచనా. మరుసటి సంవత్సరము నిజాము ప్రభుత్వమువారి పిలుపుపై విశ్వేశ్వరయ్యగారు వచ్చి పరిశీలన మొదలుపెట్టిరి. నగరమున ఇండ్లు కూలినవి గనుక నగరమున గోడలు కట్టుదమని ఆయన తొందరపడలేదు. నది ఎగువకు దృష్టి సారించి తెగిన చెరువులను లెక్కించిరి. ఆ పరీవాహక ప్రాంతమున 788 చెరువులుండగా అందు 221 తెగిపోయెనని తేలినది.

ఆ లెక్కలోని విశేషము మనకు సులభముగా బోధపడును. మన చెరువులును గొలుసుకట్టు చెరువులే కదా! పై చెరువు అలుగు – మన వాడుకలో కోడి – పారిన నీరు క్రింది చెరువున చేరును. క్రింది చెరువు అలుగును, మామూలుగా వచ్చు వరద కెంత కావలెనో అంతయే కట్టియుందురు. పై కట్ట తెగినపుడు వాన నీటితో పాటు ఆ చెరువు నిలువ యంతయు ఒక్కమారుగా వచ్చిపడును. అపుడు క్రింది కట్ట యెంత గట్టిదైనను తెగును. తన లోపము లేకయే తెగును. దాని నీరు కూడ కలిసి మూడవదానిపై పడును. కనుక ఒక కట్టను చూచి, ఇది గట్టిగా నున్నది, భయము లేదు అనుట చాలదు. దీనిపైన ఏమి యున్నది, అది తెగినచో దీని గతి యేమి, అని కూడ అడుగవలెను.

విశ్వేశ్వరయ్యగారు సూచించిన మార్గ మీ పఠనమునుండియే పుట్టినది. వరద నగరము చేరకముందే ఎగువన దానిని పట్టి నిలుపునట్లు మూసీపైన, దాని ఉపనదియైన ఈసీపైన రెండు జలాశయములు కట్టవలెననిరి. ఉస్మాన్ సాగరు 1920లోను, హిమాయత్ సాగరు 1927లోను పూర్తియైనవి. వరదను ఆపుటకు తలపెట్టిన కట్టలే తరతరములు ఆ నగరమునకు త్రాగునీ రిచ్చినవి. చెడిన చోటును ఓపికతో చదివినందుకు దక్కిన ఫలమది.

అయితే ఒకమారు చదివిన పాఠము ఎల్లకాలము గుర్తుండదు. 2020 అక్టోబరులో అదే నగరమున పెద్ద వాన కురిసి, పల్లె చెరువునకు, గుఱ్ఱము చెరువునకు గండ్లు పడి, క్రింది పేటలు మునిగినవి. చెరువుల చుట్టును, కాలువలమీదను ఇండ్లు లేచినవి; గొలుసు మాత్రము భూమిలో అట్లే యున్నది. మనము మరచిననంత మాత్రమున నీరు తన త్రోవను మరువదు.

ఇంతకంటె దగ్గరి ఉదాహరణము మరియొకటి గలదు. నంది కొండల పరిసరములందు పుట్టిన పెన్న, చిత్రావతి, మన శిడ్లఘట్ట సీమలో పుట్టిన పాపాఘ్ని, అన్నియు తుదకు పెన్నయొక్క త్రోవనే తెలుగు సీమలోనికి పోవుచున్నవి. కడప వైపున చెయ్యేరు కూడ ఆ పెన్నలోనే కలియును. ఆ చెయ్యేటిపై రాజంపేట సమీపమున అన్నమయ్య ప్రాజెక్టు కట్టబడినది. 2021 నవంబరులో మన జిల్లాలో కూడ పెద్ద వానలు పడి, ఎన్నో ఏండ్లుగా ఎండియున్న చెరువులు కోడి పారుట మీకు జ్ఞాపకముండును. మనమిక్కడ గంగపూజలు చేయుచున్న ఆ దినములలోనే, నవంబరు 19 తెల్లవారుజామున, అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకొనిపోయినది. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట మొదలైన గ్రామములపై నీరు పడినది. ముప్పదిమందికి పైగా మరణించిరి లేదా గల్లంతయిరి.

ఏమి జరిగినది? ఎగువనున్న పింఛా ప్రాజెక్టు కట్ట ముందు తెగినది. ఆ నీరును, వాన నీరును కలిసి క్రిందికి వచ్చినవి. అన్నమయ్య ప్రాజెక్టు తలుపులు సెకనుకు రెండు లక్షల ఘనపుటడుగులకు కొంచెము పైగా నీటిని వదలగలవు. వచ్చినది మూడు లక్షలు దాటినది. ఉన్న అయిదు తలుపులలో ఒకటి ఆనాడు పనిచేయలేదు. నీరు కట్టమీదుగా పొర్లినది. మట్టికట్టమీదుగా నీరు పొర్లిన పిమ్మట అది నిలుచుట కల్ల.

1908లోను 2021లోను కథ ఒక్కటే. పై కట్ట తెగుట, క్రింది కట్టకు ఆ లెక్క లేకుండుట. దానికి తోడు పనిచేయని తలుపు. పెద్ద వానలు ఎప్పుడును వచ్చుచునే యుండును. తలుపు మాత్రము వానకు ముందే బాగుచేసికొనదగినది. ఆపద లోకమున సాధారణముగా ఒంటరిగా రాదు. చిన్న అశ్రద్ధలు వేరువేరుగా నున్నంతకాలము ఎవరికిని కనబడవు. అవి అన్నియు ఒకే రాత్రి కలిసికొన్నపుడు మనము దానిని దైవవశ మందుము.

కట్టలు తెగుట యొక్కటియే నష్టము కాదు. లెక్కలు తప్పుటయు నష్టమే. భద్రావతి ఇనుప కర్మాగారమును చూడుడు. అదియు విశ్వేశ్వరయ్యగారి సంకల్పమే. 1918లో నిర్మాణము ప్రారంభమైనపుడు యుద్ధకాలపు ధరలుండెను. 1923లో ఉత్పత్తి మొదలగునప్పటికి యుద్ధము ముగిసి, ఇనుముయొక్కయు, కట్టెబొగ్గు తయారీలో వచ్చు ఉపపదార్థములయొక్కయు ధరలు పడిపోయినవి. కట్టుబడి ఖర్చు పెరిగినది. కర్మాగారము నష్టమున పడినది. ఆయన అప్పటికే దివాను పదవిని విడిచియుండిరి. అది నా పని కాదని తప్పుకొనవచ్చును. అయినను 1923లో దాని నిర్వాహక మండలి అధ్యక్షత స్వీకరించి, 1929 వరకు నిలిచి, ఖర్చులు తగ్గించి దానిని నిలబెట్టిరి. ఎంతటి మేధావి లెక్కయైనను కాలము మారినచో తప్పగలదు. తప్పిన లెక్కకు ఎదురుగా నిలుచుండుటయే పెద్దరికము.

మన కాలపు లెక్క యొకటి చెప్పెదను. మన జిల్లాకు, కోలారు జిల్లాకు త్రాగునీరు తెచ్చు ఆశతో తలపెట్టిన ఎత్తినహొళె పథకము అంచనా 2012లో 8,323 కోట్ల రూపాయలు. 2014లో 12,912 కోట్లు. 2023లో 23,251 కోట్లు. సకలేశపుర ప్రాంతమున దాని మొదటి దశ 2024 సెప్టెంబరు 6న ప్రారంభింపబడినది. అది విఫలమైనదని నేననుట లేదు. ఆ నీరు మన బిడ్డల గొంతు తడుపవలెననియే నా కోరిక. కాని పథకమునకు ఆధారమైన నీటి లెక్క 24 టీయంసీలు కాగా, భారతీయ విజ్ఞాన సంస్థ శాస్త్రజ్ఞుల అధ్యయనమున తేలినది 10 టీయంసీలకు లోపు. సొరంగము, గొట్టము, పంపు, విద్యుత్తు, అన్నియు ఆ ఒక్క అంకెపై నిలిచియున్నవి. ప్రతి పనిలోను ఇట్టి యంకె యొకటి యుండును. దానిని వెదకి, తప్పినచో ఏమగునని అడుగుటయే జాగ్రత్తయొక్క మొదటి మెట్టు. మా ఊరి చెరువు విషయమున మేము పూడికను కొలిచితిమి. కాలువలో వచ్చు నీటిని కొలువలేదు.

ఇక మన వసతిగృహమునకు వత్తము. నాలుగు మాటలు మనవి చేసికొందును.

మొదటిది. చందాలు ప్రారంభింపకముందు ఒక సాయంకాలము మనమందరము కూర్చుండి, వసతిగృహము అయిదేండ్ల పిమ్మట మూతపడినదని భావింతము. ఏల మూతపడినదో ఒక్కొక్కరు ఒక్కొక్క కాగితముపై వ్రాయవలెను. పెద్దలు ముందుగా మాటలాడరాదు. మాటలాడినచో చిన్నవారు తలయూపి ఊరకుందురు. ఆ పూట వంటచేయువారిని, ఇటువంటి గృహములలో ఉండి చదివిన పిల్లలను, వారి తల్లులను పిలువవలెను. "నన్నెవరడిగినారు" అను మాట మరల మన చెవిని పడగూడదు.

రెండవది. మన పని నిలుచు అంకె యేదో తెలిసికొందము. అది ఇటుకల లెక్క కాదు. గోడలకు దాతలు దొరకుదురు. ప్రతి గదిపై ఒక పేరు చెక్కింపవచ్చును. మూడవ ఏట వంటవాని జీతము, కరెంటు బిల్లు, బియ్యము ఎవరిత్తురు? వంటవాని జీతముమీద ఎవరి పేరును చెక్కింపలేము. అదియే మన కాలువ. దానిని చూడక కట్టడము కట్టినచో నీరు రాని చెరువే యగును.

మూడవది. ప్రతి కట్టకును అలుగు కావలెను. ఇంతవరకు ఖర్చగును, ఇది దాటినచో పని ఆపి సభ కూర్తుము, అను హద్దును నెమ్మదిగా నున్న దినముననే వ్రాసికొనవలెను. మన తాలూకాలలో బోరుబావుల కథ మీకు తెలియును. వేయి అడుగులు పోయి నీరు పడకున్న ఇంకొక రెండు వందలందురు. అదియు పోయిన మరియొక చోట త్రవ్వుదురు. పోయిన సొమ్మును రాబట్టుటకు ఉన్న సొమ్మును పోగొట్టుకొన్న కుటుంబములు ఈ సభలోనే యున్నవి. హద్దు ముందే లేనివానికి ఆశయే హద్దు.

నాలుగవది. జమాఖర్చుల పుస్తకము ప్రక్కన ఇంకొక పుస్తక ముంచుదము. దానికి గండి పుస్తకమని పేరు పెట్టుదము. ఏది చెడినను, ఎట్లు చెడినది, ముందు కనబడిన గురుతులేవి, మరల చేయువారు ఏమి చూడవలెను, అని అందు వ్రాయవలెను. ఎవరి పేరును వ్రాయరాదు. నింద వచ్చునన్నచోట ఎవరును నిజము వ్రాయరు. సొమ్ము మ్రింగినవాని సంగతి వేరు. దానికి చట్టము గలదు. మంచి మనసుతో చేసి పొరబడినవాని యనుభవము సంఘమునకు ఆస్తి.

ఇన్ని భయములు పెట్టుకొన్న పని సాగునా యని కొందరు అడుగవచ్చును. గండ్లు లెక్కపెట్టినవాడే జలాశయములు కట్టించెనని గుర్తుచేయుదును. అలుగు పెట్టుట కట్ట తెగునని కాదు, కట్ట నిలువవలెననియే.

మా చెరువు కథ ముగింపు చెప్పి సెలవు తీసికొందును. ఆ మరుసటి వేసవిలో నేను ఆ వృద్ధునివెంట కాలువ పొడవునను నడచితిని. ఆయన కర్రతో చూపించెను, నేను వ్రాసికొంటిని. పొలములో కలిసిన భాగమును రైతే మనసు మార్చుకొని విడిచిపెట్టెను. తోపుప్రక్క నుండి క్రొత్త కాలువ తీసితిమి. రోడ్డు క్రింది గొట్టమును మార్పించుటకు మాత్రము ఎన్నో అర్జీలు, ఎన్నో ఏండ్లు పట్టినవి. 2021 నవంబరులో మా చెరువు నిండి కోడి పారినది. ఆ వృద్ధు డప్పటికి లేడు. ఆయన కోడలు కట్టమీద నిలుచుండి, నీరు ఏ ప్రక్కకు పోవుచున్నదో చూచుచుండెను. క్రింది ఊరివారికి కబురు పంపవలెనని ముందుగా చెప్పినది ఆమెయే. మేమింకను పూలు, టెంకాయలు వెదకుకొనుచుంటిమి.

గండి పుస్తకమున మొదటి పుట మా చెరువుదే యగుగాక. దానిని నేనే వ్రాసి యిచ్చెదను. ఈసారి ఎవరిని అడిగితిమో కూడ అందు వ్రాయుదము.